వెనక వరసలో దాక్కున్న 58

మీ వంటింట్లో సామాన్ల అలమర ఒకసారి గుర్తు తెచ్చుకోండి. ముందు వరసలో నూనె డబ్బా, బియ్యప్పిండి డబ్బా. వాటి వెనకాల ఎక్కడో చిన్న ఇంగువ సీసా. ఆ సీసా కావాలంటే ఏం చేస్తారు? నూనె డబ్బా కాస్త పక్కకి జరిపి, చెయ్యి లోపలికి పెట్టి తీసుకుంటారు. ఇందులో చెప్పేందుకేముంది అంటారా? ఉందండీ. ఈ మాత్రం పని ఒక కంప్యూటరు బొమ్మకి చేతకాక, పోయిన ఆషాఢంలో మేం పెద్ద పొరపాటే చెయ్యబోయాం. ఆ సంగతి మీతో చెప్పుకుందామని కూర్చున్నాను.

మావారికి షుగరు వచ్చి పదకొండేళ్ళయింది. రెండేళ్ళుగా ఇన్సులిన్ కూడా తీసుకుంటున్నారు. వేలి చివర చుక్క రక్తం తీసి మీటరులో చూడడం, వచ్చిన అంకెని లాంగ్ నోట్‌బుక్కులో రాయడం నా వంతు. స్కేలు పెట్టి గళ్ళు గీసుకున్నాను. పొద్దున పరగడుపున ఎంత, టిఫిను తిన్న రెండు గంటలకి ఎంత, రాత్రి భోజనానికి ముందు ఎంత... ఆ మధ్య డాక్టరుగారు "వీలైతే కొన్ని రాత్రులు తెల్లవారుజామున 3 గంటలకి కూడా చూడండమ్మా" అన్నారు. అందుకని చివర నాలుగో గడి చేర్చాను. ఆ నాలుగో గడే ఇంత రాయడానికి కారణం.

మా అమ్మాయి బెంగుళూరులో ఉద్యోగం చేస్తోంది. లెక్కల్ని బొమ్మలుగా మార్చి కంప్యూటరులో చూపించడం దాని పని. సెలవు పెట్టి వచ్చినప్పుడు నా నోట్‌బుక్కు తిరగేసి, "అమ్మా, ఇన్ని అంకెలు డాక్టరుగారు ఎప్పుడు చదువుతారు? నేను బొమ్మ చేసిస్తాను, ఒక్క చూపులో తెలిసిపోతుంది" అంది. నాకూ ముచ్చటగానే అనిపించింది. నెల రోజుల అంకెలు నేను చదువుతుంటే అది కొట్టుకుంది. సాయంత్రానికల్లా బొమ్మ తయారు!

చూడ్డానికి ఎంత బాగుందో! నేలమీద ముగ్గు గళ్ళలాగా గళ్ళు. ఎడమ నుంచి కుడికి 30 రోజులు. ముందు నుంచి వెనక్కి నాలుగు వరసలు, నా నోట్‌బుక్కులో గళ్ళ క్రమంలోనే. ప్రతి గడిలోనూ ఒక స్తంభం. షుగరు ఎక్కువైతే స్తంభం ఎత్తు, తక్కువైతే పొట్టి. దీన్ని త్రీ-డి బొమ్మ అంటారట. మౌసుతో బాణం గుర్తుని ఏ స్తంభం మీదికైనా తీసుకెళ్ళి నిలిపితే చాలు, నొక్కనక్కర్లేదు, పక్కన చిన్న చీటీలా తెరుచుకుని తేదీ, వేళ, అంకె చూపిస్తుంది. ఇలా నొక్కకుండా ఊరికే పైన నిలపడాన్ని హోవర్ అంటారని చెప్పింది.

మావారూ నేనూ చెరో పక్కన కూర్చుని సినిమా చూసినట్టు చూశాం. టిఫిను తర్వాతి స్తంభాలు కొబ్బరి చెట్లలా లేచి ఉన్నాయి. 198, 214, 221... "అబ్బో, ఇంత ఎక్కువుంటోందా! సోమవారం వెళ్ళినప్పుడు డాక్టరుగారికి చెప్పి ఇన్సులిన్ పెంచమని అడగాలి" అన్నారు మావారు. నేనూ నిజమే అనుకున్నాను.

కానీ నాకో రోజు గుర్తుంది. తొలి ఏకాదశి. షుగరున్నవాళ్ళకి ఉపవాసాలేమిటని మీరు మనసులో తిట్టుకుంటున్నారు కదూ, నేను పైకే తిట్టాను. ఆయన వినలేదు. రెండు అరటిపళ్ళు తిని, ఇన్సులిన్ మాత్రం మామూలుగానే వేసుకుని పడుకున్నారు. తెల్లవారుజామున లేచి చూద్దును కదా, బనీను తడిసిపోయి, చేతులు వణుకుతున్నాయి. మీటరులో 58. 70 కంటే దిగితేనే జాగ్రత్త పడాలి. మూడు చెంచాల పంచదార నీళ్ళలో కలిపి తాగించి, పావుగంట ఆగి మళ్ళీ చూస్తే 92కి వచ్చింది. ఆ పావుగంట నేను ఎలా కూర్చున్నానో నాకే తెలుసు.

ఆ 58 బొమ్మలో ఎక్కడుందా అని వెతకడం మొదలుపెట్టాను. ఏకాదశి రోజు దగ్గరికి బాణం తీసుకెళ్ళాను. 214 అంది. కాస్త పైకి జరిపాను. మళ్ళీ 214. ఇంకాస్త పక్కకి. మర్నాటి 198 అంది. "ఆవేళ 58 కదే!" అంటే, మావారు "నువ్వు కంగారులో తప్పు చూసుంటావోయ్" అనేశారు. కంప్యూటరు చెప్పింది కదా, ఇంక నేను చెప్పేదేముంది!

నాకు కోపం వచ్చి నోట్‌బుక్కు తెచ్చి పడేశాను. ఎర్ర పెన్నుతో 58, కింద గీత కూడా. ఆ గడి వెంట పైకీ కిందకీ వేలు పెట్టి చూస్తే గుండె గుభేలుమంది. ఆ నెలలో నేను తొమ్మిది రాత్రులు 3 గంటలకి చూశాను. 58 ఒక్కటే కాదు, ఇంకో రెండు రాత్రులు 64, 67 ఉన్నాయి. ఆ రాత్రుల్లో ఆయనకి చెమటలేం పట్టలేదు, నేనే లేపి పాలు తాగించాను. తర్వాత నేనూ మర్చిపోయాను. ఉపవాసం నాడు ఒక్కసారే అలా అయిందనుకున్నాను, కాదన్నమాట! ఇవేవీ తెలియకుండా సోమవారం వెళ్ళి ఇన్సులిన్ పెంచమని అడిగేవాళ్ళం.

"బొమ్మలో ఉన్నాయమ్మా, తిప్పి చూడాలి" అంది మా అమ్మాయి. మౌసు మీట నొక్కి పట్టుకుని లాగితే బొమ్మంతా తిరుగుతుందట. లాగాను. రంగులరాట్నంలా గిర్రున తిరిగింది. స్తంభాలు అటువి ఇటొచ్చాయి. ఏది మొదటి రోజో, ఏది ఆఖరి రోజో, ఏ వరస ఏ వేళో అంతా అయోమయం. తిరుగుతున్నంతసేపూ చీటీలు టపటపా తెరుచుకుని మూసుకుపోతున్నాయి. "నాకు చేతకాదులే, మీ చదువులు వేరు" అని లేచిపోబోయాను.

ఇక్కడే ఆగండి. ఈ మాట మనం ఎన్నిసార్లు అంటాం! టీవీ రిమోటు దగ్గర, బ్యాంకు మెషీను దగ్గర, పిల్లల ఫోన్ల దగ్గర, మనకి చేతకాదని మనమే ముందు ఒప్పేసుకుంటాం. నేనూ ఒప్పేసుకున్నాను. కాకపోతే ఆ ఎర్ర గీత నన్ను లేవనివ్వలేదు. "నీకు ఎక్కడుందో ముందే తెలుసు గనక కనిపిస్తోంది. తెలియనిదానికి ఎలా కనిపిస్తుందే?" అని అడిగాను. అది కాసేపు మాట్లాడలేదు. తర్వాత "నిజమేనమ్మా" అంది.

మర్నాడు ఆదివారం. డైనింగు టేబులు దగ్గర నేను చిక్కుడుకాయల ఈనెలు తీస్తూ కూర్చుంటే, అది ఎదురుగా ల్యాప్‌టాప్ పెట్టుకుని ఎందుకలా అవుతుందో చెప్పింది. కంప్యూటరు తెర బల్లపరుపు. అందులో లోతు ఉన్నట్టు కనిపించడం మన కంటికి భ్రమే. మౌసు కూడా బల్లమీద ఎడమకీ కుడికీ, ముందుకీ వెనక్కీ జరుగుతుంది. దాంతో తెరమీద బాణం పక్కలకీ, పైకీ కిందకీ పోతుంది. తెర లోపలికి వెళ్ళే దారి లేదు. మొట్టమొదటి మౌసు 1964లో అమెరికాలో డగ్లస్ ఎంగెల్‌బార్ట్ ఆలోచనతో, బిల్ ఇంగ్లిష్ చేతుల మీదుగా తయారైందట. చెక్కతో చేసిన డబ్బా, అడుగున అడ్డంగా ఒక చక్రం, నిలువుగా ఒక చక్రం. 1968 డిసెంబరు 9న శాన్‌ఫ్రాన్సిస్కోలో పెద్ద సభలో దాన్ని అందరికీ చూపించారు. రెండే చక్రాలండీ! లోతుకి మూడో చక్రం అప్పుడూ లేదు. ఇప్పటి మౌసు మధ్యలో వేలితో తిప్పే చక్రం ఉంటుంది కానీ, ఇలాంటి బొమ్మల్లో అది బొమ్మని దగ్గరకీ దూరానికీ జరపడానికే పనికొస్తుంది.

మరి నేను బాణం నిలిపినప్పుడు ఏ స్తంభమో కంప్యూటరుకి ఎలా తెలుస్తుంది? మన కంటి నుంచి బాణం మొన మీదుగా బొమ్మలోకి ఒక దారం లాగినట్టు లెక్క వేస్తుందట. ఆ దారం మొట్టమొదట దేనికి తగిలితే అదే మనం అడిగామనుకుంటుంది. దీన్ని రే కాస్టింగ్ అంటారు. నేను వెనకనున్న 58ని అడుగుతున్నాను. దారం ముందున్న 214కి తగిలి ఆగిపోతోంది. అది అబద్ధం చెప్పలేదు, నేను తప్పు అడగలేదు. ఎవరిని అడిగానో అది ఊహించుకుంది. ఫలానాదాన్ని అని ఊహించానన్న ముక్క మాత్రం నాకు చెప్పలేదు. చీటీలో తేదీ, వేళ చిన్న అక్షరాల్లో ఉన్నాయి కానీ, పెద్దగా కనిపించే 214ని వదిలి వాటిని ఎవరు చూస్తారు?

ఇలాంటి లోతు బొమ్మలు ఇవాళ్టివి కావట. లుయిజి పెరోజో అనే ఇటలీ ఆయన 1880లోనే స్వీడన్ దేశపు జనాభా లెక్కల్ని ఇలా ఎత్తుపల్లాల కొండలాగా కాగితం మీద గీశాడు. 1750 నుంచి 1875 వరకు లెక్కలు. కాగితం కదా, తిప్పడమూ లేదు, చీటీలూ లేవు. వెనక వాలులో ఏముందో ఆ వాలే చెప్పుకోవాలి.

సరే, నేను అలమర సంగతి చెప్పాను. "ఇంగువ సీసా కావాలంటే అలమర చుట్టూ నేను తిరగను, అలమరని గిర్రున తిప్పను కూడా. ముందున్న డబ్బా జరుపుతాను. నీ బొమ్మలో అలా జరగదా?" అన్నాను. దాని మొహం వెలిగింది. గంటసేపు ఏదో కొట్టింది. ఇప్పుడు పక్కన నాలుగు వేళల పేర్లు తెలుగులో పెద్దగా కనిపిస్తున్నాయి. "తెల్లవారుజామున 3" అన్న పేరు మీద బాణం నిలిపితే, ముందు వరసలన్నీ గాజు గ్లాసుల్లా పలచబడిపోతాయి. దారం వాటికి తగలదు, నేరుగా వెనక వరసకి వెళుతుంది. నేను బాణం పెట్టిన స్తంభం చుట్టూ పసుపు అంచు వెలుగుతుంది. దాని కాళ్ళ దగ్గర నుంచి నేలమీద రెండు గీతలు పాకి, ఒకటి తేదీ దగ్గరికీ ఒకటి వేళ దగ్గరికీ వెళతాయి. ముందు ఇది నేను అడిగినదే అని చూపించి, తర్వాతే అంకె చెబుతుంది. ఏకాదశి మీద పెట్టాను. 58. నిజం చెప్పొద్దూ, దిగులు పడాల్సిన అంకెని చూసి సంతోషించడం నా జన్మలో అదే మొదలు.

అంతటితో అయిపోలేదండోయ్. చీటీ సరిగ్గా బాణం కిందే తెరుచుకునేది. తెరుచుకోగానే బాణం స్తంభం మీద కాకుండా చీటీ మీద ఉన్నట్టయ్యేది. స్తంభం మీద లేదు కదా అని చీటీ మూసుకునేది. మూసుకోగానే బాణం మళ్ళీ స్తంభం మీద! మళ్ళీ తెరుచుకునేది. పాడైపోయిన ట్యూబులైటులా ఒకటే మిణుకు మిణుకు. ఇలాంటి అవస్థలు ప్రపంచమంతా ఉన్నాయి కాబోలు, వెబ్ ప్రమాణాలు తయారుచేసే డబ్ల్యు త్రీ సి అనే అంతర్జాతీయ సంస్థ 2018లో ఇచ్చిన మార్గదర్శకాల్లో దీని గురించి ప్రత్యేకంగా ఉందట. చీటీ మీదికి బాణం వెళ్ళినా అది మూసుకోకూడదు, మనం చదివేదాకా ఉండాలి, అడ్డమైతే మౌసు కదపకుండానే తీసేసే వీలుండాలి. "రూలుంటే మరి నువ్వెందుకు పాటించలేదే?" అని అడిగితే, "ఇంట్లో బొమ్మే కదా అనుకున్నానమ్మా" అంది. ఇంట్లోవాళ్ళకైతే ఫరవాలేదన్నమాట! ఇప్పుడు ఆ చీటీ బాణం వెంట పరుగెత్తదు. కుడివైపు పైమూలలో ఒకేచోట పెద్ద అక్షరాలతో ఉంటుంది.

తర్వాతి తంటా నా చెయ్యి. వెనక వరస దూరంగా ఉన్నట్టు కనిపించాలి గనక అక్కడి స్తంభాలు సన్నగా ఉంటాయి. పైగా 58 పొట్టిది. దానిమీద బాణం నిలపాలంటే సూదిలో దారం ఎక్కించినట్టే. 1954లో పాల్ ఫిట్స్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త దీన్ని లెక్క కట్టి చెప్పాడట, అందుకోవాల్సిన వస్తువు ఎంత దూరమైతే, ఎంత చిన్నదైతే, చెయ్యి అంత ఆలస్యంగా చేరుతుందని. చీకట్లో స్విచ్ వెతుక్కునే మనకి ఆయన చెప్పక్కర్లేదనుకోండి. దానికి విరుగుడు కూడా ఉంది. 2005లో టొరంటో విశ్వవిద్యాలయంలో గ్రాస్‌మన్, బాలకృష్ణన్ అనే ఇద్దరు బుడగ బాణం ఒకటి కనిపెట్టారు. బాణం మొన కాకుండా దాని చుట్టూ ఒక బుడగ ఉన్నట్టు, దగ్గర్లో ఏదుంటే దాన్నే పట్టుకునేదాకా ఆ బుడగ పెరిగినట్టు. అయస్కాంతం గుండుసూదిని లాక్కున్నట్టు అనుకోండి. మా అమ్మాయి అదీ పెట్టింది. మొదట్లో మరీ గట్టిగా పెట్టేసరికి, బాణం కాస్త కదిపితే వెలుగు కప్పగెంతులు వేసి నాలుగు రోజులు దాటి పోయేది. తగ్గించు, ఇంకాస్త తగ్గించు, కూరలో ఉప్పు చూసినట్టు చూస్తూ కూర్చున్నాను. చిక్కుడుకాయలు అయిపోయాయి, ఇది అవలేదు!

తిప్పడం పూర్తిగా తీసెయ్యమన్నాను. అది ఒప్పుకోలేదు. చివరికి కొంతవరకే తిరిగేలా చేసింది, తలకిందులు కాదు. తిప్పుతున్నప్పుడు చీటీ మారదు. దారి తప్పితే "మొదటికి" అనే బొత్తాం నొక్కితే బొమ్మ ఎలా ఉండేదో అలా వచ్చేస్తుంది. ఇంకొకటి కూడా నేనే పట్టుకున్నాను. 3 గంటలకి నేను చూడని రాత్రులు ఇరవై ఒకటి. ఆ గళ్ళు వట్టినే ఉన్నాయి. 58 స్తంభం ఎలాగూ పొట్టిది, పక్కన ఖాళీ గళ్ళు. రెండూ దూరానికి ఒకేలా ఉన్నాయి. చూడకపోవడం వేరు, తక్కువ రావడం వేరు కదండీ! ఇప్పుడు ఖాళీ గడి మీద బాణం పెడితే "ఆ రాత్రి చూడలేదు" అని వస్తుంది.

మావారు ఇదంతా విని, తన ఫోనులో పెట్టమన్నారు. ఫోనులో మౌసేది? వేలు పెడితే నొక్కినట్టే, పైన ఊరికే నిలపడం అనేదే లేదు. పైగా ఏ స్తంభం కావాలో దాన్ని మన వేలే కప్పేస్తుంది. అందుకని ఒకసారి తాకితే ఆ స్తంభం వెలిగి అలాగే ఉండిపోయేలా, ఇంకోచోట తాకితే మారేలా చేసింది. ఆయన అరగంట సేపు తాకుతూ కూర్చున్నారు. తన షుగరు మీద ఆయనకి అంత శ్రద్ధ ఉందని నాకు అప్పటిదాకా తెలియదు.

రాత్రి గిన్నెలు సర్దుతూ అడిగాను. "అసలు దీనికి త్రీ-డి ఎందుకే? నాలుగు వేళలకి నాలుగు గీతలు, మామూలు కాగితం మీద గీస్తే దాగేదేముంది?" అది నవ్వేసింది. "నిజానికి అదే మంచిదమ్మా. చూడ్డానికి బాగుంటుందని చేశాను" అంది. సముద్రం అడుగు ఎత్తుపల్లాలు, స్కానింగులో శరీరం లోపలి భాగాలు, ఇలా నిజంగానే లోతున్న వాటికి ఆ లోతు చూపించక తప్పదట. మన నోట్‌బుక్కుకి తప్పుతుంది. నా అభిప్రాయం అడిగితే నేనూ అంతే అంటాను. మొత్తానికి ఇంకో పేజీలో నాలుగు గీతల బొమ్మ కూడా పెట్టింది. త్రీ-డిలో వరసల క్రమం కూడా మార్చి, 3 గంటల వరసని అన్నిటికంటే ముందుకి తెచ్చింది. పొట్టివాళ్ళని ముందు నిలబెట్టాలని బళ్ళో గ్రూపు ఫోటో తీసేటప్పుడు అందరికీ తెలుసు, ఇక్కడే మర్చిపోయాం.

సోమవారం డాక్టరుగారు బొమ్మ చూశారు. ముందు వరస చూసి ఆగారు. బాణం తనే కదిపి 58, 64, 67 చదివారు. "నోట్‌బుక్కు తెచ్చారామ్మా?" అన్నారు. ఇచ్చాను. అందులో కూడా ఒకటికి రెండుసార్లు చూసి, రాత్రి వేసుకునే ఇన్సులిన్ తగ్గించారు, పొద్దున టిఫిను మార్చమన్నారు. మోతాదులు నేనిక్కడ రాయను. ఎవరి ఒంటి లెక్క వాళ్ళది, మీ డాక్టరుగారినే అడగాలి. ఉపవాసం మాట ఎత్తగానే ఆయన మావారి వంక చూసిన చూపు మాత్రం నాకు బాగా నచ్చింది.

మీ పిల్లలెవరైనా ఇలాంటి బొమ్మ తెచ్చి చూపిస్తే, బాగుందని మెచ్చుకునే ముందు మీకు బాగా గుర్తున్న ఒక్క రోజుని అందులో వెతకండి. జ్వరం వచ్చిన రోజో, కరెంటు బిల్లు మోతమోగిన నెలో, ఏదైనా సరే. ఎవరి సాయం లేకుండా మీ చేత్తో మీరే వెతకండి. దొరక్కపోతే నోట్‌బుక్కు తీసుకొచ్చి పక్కన పెట్టండి.

మా అమ్మాయి బెంగుళూరు వెళ్ళిపోయింది. పాత నోట్‌బుక్కు నిండితే కొత్తది కొన్నాను, ఈసారి 3 గంటల గడి మొదట గీశాను. మొన్న శనివారం రాత్రి అలారం పెట్టుకుని లేచి చూశాను. 104. రాసేసి, లైటు తీసి పడుకున్నాను.